వేట ఆగింది, జాగిలాలు ఆగలేదు

2004 సెప్టెంబరు 15, బుధవారం. లండన్‌లో సాయంత్రం నాలుగు దాటింది. బ్రిటన్ పార్లమెంటు కామన్స్ సభలో జాగిలాల వేట నిషేధ బిల్లు మీద చర్చ నడుస్తోంది. గ్రామీణ వ్యవహారాల మంత్రి ఆలన్ మైఖేల్ ముందు వరుసలో ఉన్నారు. ఏడేళ్లుగా వింటున్న వాదనలే మళ్లీ వినిపిస్తున్నాయి. నక్కకు నొప్పి, పల్లెకు స్వేచ్ఛ, ఎవరి మాట వాళ్లది.

ఉన్నట్టుండి సభ వెనక భాగం నుంచి పరుగు చప్పుడు. ఐదుగురు సభలోకి దూసుకొచ్చారు. ఒకడు మంత్రుల బల్ల వైపే పరుగెత్తాడు. నల్ల కోట్లు, నల్ల మేజోళ్లు తొడుక్కున్న సభా సిబ్బంది వాళ్ల మీద పడ్డారు. పట్టుకోవడం, పెనుగులాట, కేకలు. చొరబడ్డవాళ్లను కాళ్లూ చేతులూ పట్టి బయటికి ఈడ్చుకెళ్లారు. సభ వాయిదా పడింది. 1642లో మొదటి చార్లెస్ రాజు సైనికులతో వచ్చి సభలో అడుగుపెట్టిన సంఘటనను మర్నాటి పత్రికలు గుర్తు చేసుకున్నాయి.

ఆ ఐదుగురిలో ఒకడు ఓటిస్ ఫెర్రీ. రాక్ గాయకుడు బ్రయాన్ ఫెర్రీ కొడుకు. వయసు 21. సౌత్ ష్రాప్‌షైర్ వేట బృందానికి మాస్టర్లలో ఒకడు. గుర్రమెక్కి జాగిలాల వెంట పరుగెత్తడమే బతుకనుకున్న కుర్రాడు.

బయట పార్లమెంట్ స్క్వేర్‌లో వేల మంది జనం. పల్లెల నుంచి బస్సుల్లో వచ్చినవాళ్లు. వేట కొమ్ములు ఊదుతున్నారు, ఈలలు వేస్తున్నారు. తోపులాట ముదిరింది. పోలీసుల లాఠీలు లేచాయి. ట్వీడ్ కోట్లు తొడుక్కున్న మధ్యవయస్కుల తలల నుంచి రక్తం కారుతున్న ఫోటోలు దేశమంతా చూసింది. అంతవరకూ పోలీసు దెబ్బ రుచి ఎరగని తరగతి అది. ఆ రోజు ఎరిగింది.

లోపల సభ మళ్లీ కూడింది. బిల్లుకు అనుకూలంగా 356 ఓట్లు, వ్యతిరేకంగా 166.

ఇంత రగడ ఎందుకో తెలియాలంటే ఆ వేట ఎలా సాగుతుందో కొంత తెలియాలి. నక్కను చంపడానికి తుపాకీ చాలు. ఇంగ్లండ్ రైతులు ఎక్కువగా వాడేది అదే. జాగిలాల వేట వేరు. పద్దెనిమిదో శతాబ్దంలో లెస్టర్‌షైర్‌లోని క్వార్న్ బృందాన్ని హ్యూగో మేనెల్ దాదాపు అర్ధ శతాబ్దం నడిపాడు. వాసన పట్టడంలో, వేగంలో రెండింటా దిట్టలైన జాగిలాలను జత కట్టించి పెంచాడు. అప్పటి నుంచి అదొక విద్య అయింది. నవంబరు నుంచి మార్చి దాకా అసలు సీజను. మాస్టర్ పెత్తనం చేస్తాడు, ఖర్చు చూసుకుంటాడు. జాగిలాలను నడిపేవాడు హంట్స్‌మన్. అతనికి సాయం విప్పర్-ఇన్, దారి తప్పిన జాగిలాన్ని గుంపులోకి మళ్లించేవాడు. వెనక గుర్రాల మీద దొరలూ, రైతులూ, రైతుల కూతుళ్లూ, పశువైద్యులూ. ఇంకా వెనక కార్లలో, కాలినడకన ఊరి జనం. జాగిలాలను ఒకటీ రెండూ అని లెక్కపెట్టరు, జతలుగా లెక్కపెడతారు. ఇరవై జతలంటే నలభై.

ఆ నలభై జాగిలాలు ఒక్క నక్క వాసన పట్టి, గొంతెత్తి, మైళ్ల కొద్దీ తరుముతాయి. నక్క అలసిపోతుంది. పొదలో దూరుతుంది, కలుగులో దూరుతుంది. కలుగులో దూరితే టెర్రియర్ కుక్కను లోపలికి వదిలి, తవ్వి తీస్తారు. ఈ భాగం వేట చిత్రాల్లో చాలావాటిలో కనిపించదు. ఎక్కువగా గుర్రాలూ, ఎర్రకోట్లూ, పచ్చిక బయళ్లే గీశారు.

1997 మేలో లేబర్ పార్టీ భారీ మెజారిటీతో గెలిచింది. ఆ నవంబరులోనే ఎంపీ మైకేల్ ఫోస్టర్ తెచ్చిన ప్రైవేటు బిల్లుకు 411 మంది ఓటేశారు, 151 మంది వద్దన్నారు. చర్చలతోనే కాలం గడిచిపోయి ఆ బిల్లు మూలపడింది. ప్రభుత్వం లార్డ్ బర్న్స్ అధ్యక్షతన విచారణ సంఘాన్ని వేసింది. 2000 జూన్‌లో నివేదిక వచ్చింది. నమోదైన బృందాలు ఏటా 21,000 నుంచి 25,000 నక్కలను చంపుతున్నాయని లెక్క. ఈ వేట నక్క సంక్షేమాన్ని తీవ్రంగా దెబ్బ తీస్తోందని తేల్చింది. క్రూరం అన్న మాట మాత్రం వాడలేదు. దాని మీదే ఇరుపక్షాలూ ఏళ్ల తరబడి కొట్టుకున్నాయి. వేట మీద ఆధారపడ్డ ఉద్యోగాలు ఆరు నుంచి ఎనిమిది వేలని కూడా ఆ నివేదికే చెప్పింది.

2002లో స్కాట్లాండ్ తన సొంత నిషేధ చట్టం చేసుకుంది. అదే ఏడు సెప్టెంబరు 22న లండన్ వీధుల్లో పల్లెల ఊరేగింపు. నిర్వాహకులు ఒక్కొక్కరినీ లెక్కపెట్టారు: 4,07,791 మంది. పాల ధర పడిపోయిందని, పశువుల గాలికుంటు వ్యాధితో మందలకు మందలు తగలబెట్టారని, ఊరి పోస్టాఫీసు మూసేశారని గుండెల్లో ఉన్న బాధంతా ఆ నడకలో ఉంది. వేట ఒక గుర్తు మాత్రమే అయింది. వాళ్ల బాధ నిజమైనదని నా నమ్మకం. ఆ బాధ తీరాలంటే నక్క చావాలనడం మాత్రం న్యాయం కాదు.

ఎదుటి పక్షం గాయాలూ చిన్నవి కావు. వేటను అడ్డుకునే కార్యకర్తలు 1963 నుంచి సంఘంగా పనిచేస్తున్నారు. జాగిలాల ముక్కుకు వాసన అందకుండా నేల మీద నిమ్మగడ్డి నూనె చల్లుతారు, దొంగ కొమ్ములు ఊది వాటిని మళ్లిస్తారు. 1991లో ఒక 18 ఏళ్ల కుర్రాడు, 1993లో 15 ఏళ్ల పిల్లవాడు వేట బృందాల వాహనాల కింద పడి చనిపోయారు. 15 ఏళ్లంటే మన లెక్కలో పదో తరగతి.

2004 నవంబరు 18, గురువారం. కామన్స్ పంపిన బిల్లును ఎగువ సభ అయిన ప్రభువుల సభ (లార్డ్స్) మారుస్తోంది, మార్చినదాన్ని కామన్స్ తిప్పికొడుతోంది. అమలును 2006 జులై దాకా వాయిదా వేద్దామని కామన్స్ ఒక మెట్టు దిగింది. ప్రభువుల సభ దానికీ ఒప్పుకోలేదు. రాత్రి స్పీకర్ మైకేల్ మార్టిన్ లేచి, పార్లమెంట్ చట్టాన్ని ప్రయోగిస్తున్నట్టు ప్రకటించారు. అంటే ప్రభువుల సమ్మతి లేకుండానే బిల్లు చట్టమవుతుంది. 1949లో ఆ చట్టాన్ని సవరించాక అలా జరగడం అది నాలుగోసారి. మొదటి మూడింటిలో ఒకటి యుద్ధ నేరాల మీద, ఒకటి యూరప్ ఎన్నికల మీద, ఒకటి లైంగిక సమ్మతి వయసు మీద. నాలుగోది నక్క మీద. వాయిదా కుదరలేదు కాబట్టి మూడు నెలలే గడువు. 2005 ఫిబ్రవరి 18 నుంచి అమలు.

ఇక్కడ ఒక జాగిలాల కొట్టం దగ్గరికి వెళ్దాం. అక్కడి హంట్స్‌మన్‌కు నేను పేరు పెట్టడం లేదు. అతను ఒక్క మనిషి కాదు. ఆనాడు ఇంగ్లండ్‌లో, వేల్స్‌లో అలాంటి కొట్టాలు వందల్లో ఉన్నాయి, వాటిల్లో పనిచేసినవాళ్ల దినచర్య, భయం కలిపి ఇతన్ని నిలబెట్టాను. మాటలు నా కల్పన. పరిస్థితి కల్పన కాదు.

ఫిబ్రవరి 17. చట్టబద్ధంగా వేటాడటానికి అదే ఆఖరి రోజు. తెల్లవారకముందే కొట్టంలో దీపం వెలిగింది. చుట్టుపక్కల పొలాల్లో చచ్చిన గొడ్డు ఉందని రైతు ఫోన్ చేస్తే వెళ్లి తెచ్చేది ఈ మనిషే. తోలు ఒలిచి, మాంసం జాగిలాలకు వేస్తాడు. రైతుకు కళేబరం బెడద తప్పుతుంది, కొట్టానికి మేత దొరుకుతుంది. ఎనిమిది వారాల వయసు రాగానే జాగిలం పిల్లలను ఊళ్లోని ఇళ్లకు పెంపకానికి పంపుతారు. కోళ్ల మధ్య, గొర్రెల మధ్య, పిల్లల మధ్య తిరిగి, వేటినీ కరవకుండా పెరిగి మళ్లీ కొట్టానికి వస్తాయి. నలభై జాగిలాల్లో ఒక్కోదాని పేరూ, అమ్మమ్మ పేరూ, చీకట్లో మొరిగినా ఏది మొరిగిందో, అన్నీ అతనికి తెలుసు. అతను ఉంటున్న ఇల్లు బృందానిదే. ఉద్యోగం పోతే ఇల్లూ పోతుంది.

"రేపటి నుంచి వీటికి ఏమని చెప్తాం సర్?" అడిగాడు విప్పర్-ఇన్. పందొమ్మిదేళ్ల కుర్రాడు.

"దేనికి?"

"నక్కను పట్టొద్దని."

పెద్దాయన చేతిలో బాల్చీ కింద పెట్టాడు. "నువ్వు చెప్పినా, నేను చెప్పినా, పార్లమెంట్ చెప్పినా వీటికి ఒకటే. ఇవి వినేది వాసన మాట. నక్క వాసన తగిలితే పోతాయి. నూటయాభై ఏళ్లుగా వీటి తాతలను అందుకే ఏరి ఏరి పెంచాం."

"మరి మనం?"

"మనం వెనకే ఉంటాం. అప్పుడు నేరం ఎవరిదో జడ్జి చెప్తాడు."

ఆ కుర్రాడి ప్రశ్నకు చట్టంలో సమాధానం లేదు. దాని బదులు మినహాయింపులున్నాయి. రెండు కుక్కలకు మించకుండా వాడి, నక్కను పొద నుంచి బయటికి తోలి, వెంటనే తుపాకీతో కాల్చవచ్చు. భూమి సొంతది కాకపోతే, దాన్ని వాడుకుంటున్నవారి అనుమతి ఉండాలి. డేగలాంటి వేటపక్షి చేత పట్టించాలనుకుంటే ఎన్ని కుక్కలైనా వాడొచ్చు. ఎలుకలను, కుందేళ్లలో బొరియలు తవ్వుకునే రకాన్ని కుక్కలతో పట్టొచ్చు. తప్పు చేస్తే అప్పట్లో జరిమానా 5,000 పౌండ్ల దాకా. జైలు లేదు.

అదే వారం లాంకషైర్‌లోని గ్రేట్ ఆల్ట్‌కార్ మైదానంలో వాటర్లూ కప్ ఆఖరి పోటీ జరిగింది. 1836లో మొదలైన పందెం. ఒక చెవులపిల్లిని వదిలి, దాని వెనక రెండు గ్రేహౌండ్లను వదులుతారు. దాన్ని ఏ కుక్క ఎన్నిసార్లు మళ్లించిందన్న దాని మీద పాయింట్లు. ఫిబ్రవరి 16తో అది ముగిసింది, మళ్లీ జరగలేదు. ఆ పందెం విషయంలో చట్టం ఎటువంటి సందూ ఇవ్వలేదు. చెవులపిల్లి పందేనికి హాజరవడం, స్థలం ఇవ్వడం, కుక్కను దించడం, అన్నీ నేరమే అంది. అంత తేటగా రాస్తే ఏమవుతుందో దాన్ని చూస్తే తెలుస్తుంది. నక్కల దగ్గర మాత్రం ఆ తేట కనబడదు.

ఫిబ్రవరి 19, శనివారం. చట్టం అమల్లోకి వచ్చిన తర్వాతి మొదటి శనివారం. దేశమంతటా 250కి పైగా బృందాలు ఎప్పటిలాగే గుర్రాలెక్కి బయల్దేరాయి. మునుపటి కంటే ఎక్కువ జనం వచ్చారు. కొన్నిచోట్ల చేతి మీద వేటపక్షిని పెట్టుకున్న మనిషి వెంట ఉన్నాడు. సాయంత్రానికి 91 నక్కలు చనిపోయాయని, వాటిలో చాలామటుకు చట్టానికి లోబడే చంపామని వేట పక్షం సంఘం ప్రకటించింది. జాగిలాలను వేలకు వేలు కాల్చి చంపాల్సి వస్తుందని చెప్పిన జోస్యం నిజం కాలేదు. ఉద్యోగాలూ భయపడినంతగా పోలేదు. ఎందుకంటే ఏదీ ఆగలేదు.

వేట పక్షం వాళ్లు కోర్టు దారి కూడా తొక్కారు. ప్రభువుల సమ్మతి లేని చట్టం చట్టమే కాదని, 1949 నాటి సవరణే చెల్లదని వాదించారు. 2005 అక్టోబరు 13న, అప్పటి అత్యున్నత న్యాయమూర్తులైన న్యాయప్రభువులు తొమ్మిది మంది ఆ వాదనను ఏకగ్రీవంగా తోసిపుచ్చారు. ఇప్పటికీ ఆ తీర్పును బ్రిటన్ లా కాలేజీల్లో పాఠంగా చదువుతారు. పార్లమెంటు అధికారానికి హద్దులున్నాయా అన్న పెద్ద ప్రశ్న నక్క దయ వల్ల ముందుకొచ్చింది.

ఇక అసలు చిక్కుకు వద్దాం. నిషేధం తర్వాత వేట బృందాలు ఎక్కువగా పట్టుకున్న దారి ట్రెయిల్ హంటింగ్. ముందుగా ఒకరు వాసన పట్టించిన గుడ్డను నేల మీద ఈడ్చుకుంటూ వెళ్తారు. జాగిలాలు ఆ వాసన వెంట పోతాయి, ప్రాణి ఉండదు. వినడానికి బాగానే ఉంది. పాతకాలం నుంచి డ్రాగ్ హంటింగ్ అని ఒకటుంది. అందులో సోంపులాంటి వాసన వాడతారు, దారి ముందే ఖాయం. దాని మీద ఎవరికీ పేచీ లేదు. ట్రెయిల్ హంటింగ్‌లో వాడేది నక్క మూత్రం వాసన. దారి ఎటో హంట్స్‌మన్‌కు చెప్పరు. గుడ్డ ఈడ్చేది కూడా నక్కలు తిరిగే పొదల దగ్గరే. జాగిలాలు నిజమైన నక్క వెంట పడితే, అనుకోకుండా జరిగిందంటారు. అనుకుని చేశారని రుజువు చేయాల్సింది ప్రాసిక్యూషన్. మనిషి మనసులో ఏముందో పోలీసు ఎలా పట్టుకుంటాడు?

వేట బృందాల్లో ఈ చట్టం కింద తొలి శిక్ష 2006లో ఎక్స్‌మూర్ ప్రాంతపు హంట్స్‌మన్‌కు పడింది. మరుసటి ఏడు అప్పీలులో అది కొట్టుకుపోయింది. 2009లో హైకోర్టు రెండు మాటలు తేల్చింది. మినహాయింపు వర్తించదని రుజువు చేసే భారం ప్రాసిక్యూషన్‌దే. నక్క కోసం వెతకడం వేట కిందికి రాదు, తరమడం మొదలైతేనే వేట. దాంతో పొద పొదా జాగిలాలతో గాలిస్తున్నా, నక్క లేచి పరుగెత్తేదాకా నేరం లేనట్టే.

మన చట్టాన్ని దీని పక్కన పెట్టి చూడాలనిపిస్తుంది. ఆంధ్ర, తెలంగాణ పల్లెల్లో కుక్కలతో కుందేలును తరమడం, పండగ పూట వేటకు పోవడం పాత అలవాటు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేట అంటే ఏమిటో విడమరిచి చెప్పింది. చంపడం ఒక్కటే కాదు. పట్టడం, కుక్కలతో వెంటాడటం, ఉచ్చు పన్నడం, తోలడం, ఎర వేయడం, వీటిలో దేనికైనా ప్రయత్నించడం కూడా వేటే. మన దగ్గర అమలు ఎంత బలహీనమో అందరికీ తెలుసు. దెబ్బ తగిలేది కూడా ఎక్కువగా వేట తప్ప మరో బతుకు లేని పేదకే. కానీ రాతలో మాత్రం సందు లేదు. ఇంగ్లండ్‌లో 700 గంటలకు పైగా చర్చించారని చెప్పుకునే చట్టంలో ప్రయత్నం అన్న ఒక్క మాట లేకపోయింది.

ఎందుకు లేదన్నదానికి సగం జవాబు అప్పటి ప్రధాని టోనీ బ్లెయిర్ దగ్గరే దొరికింది. 2010లో వచ్చిన ఆత్మకథలో ఈ నిషేధం తాను బాగా పశ్చాత్తాపపడే దేశీయ చట్టాల్లో ఒకటని రాశారు. జాగ్రత్తలు తీసుకుంటే వేట సాగేలా చట్టంలో వీలు ఉంచినట్టూ ఒప్పుకున్నారు. ఇది చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. పార్టీకి నిషేధం ఇచ్చామని చెప్పుకున్నారు, పల్లెకు వేట మిగిల్చామని చెప్పుకున్నారు. పొదలో దాక్కున్న నక్కకు ఏం దక్కింది? నేరం చేస్తున్నానో లేదో తెలియకుండా ప్రతి శనివారం కొమ్ము ఊదుతున్న ఆ ఉద్యోగికి ఏం దక్కింది? కెమెరా పట్టుకుని మంచులో రోజంతా వెంట తిరిగి, రాత్రికి తన్నులు తిని ఇల్లు చేరే కార్యకర్తకు ఏం దక్కింది? ఈ ముగ్గురి బతుకునూ ఇరవై ఏళ్లు సందేహంలో పడేసిన చట్టం మంచి చట్టం కాదు. వద్దనదలిస్తే వద్దనాలి. వద్దన్నప్పుడు కొట్టంలోని మనిషికి మరో పని, మరో ఇల్లు చూపించాలి. ఈ రెండో మాట నిషేధం కోరినవాళ్లు కూడా గట్టిగా అడగలేదు.

2020 ఆగస్టులో మాస్టర్ల సంఘం తన సభ్యుల కోసం ఆన్‌లైన్ శిక్షణ సమావేశాలు పెట్టింది. ఆ వీడియోలు బయటికి వచ్చాయి. వాసన గుడ్డ ఈడ్చడం ఒక పొగతెర అన్న ధ్వని అందులో వినిపించిందని దుమారం రేగింది. మాట్లాడిన అధికారికి 2021 అక్టోబరులో వెస్ట్‌మిన్‌స్టర్ మెజిస్ట్రేట్ కోర్టు శిక్ష వేసింది. 2022 జులైలో అప్పీలులో అతను నిర్దోషిగా బయటపడ్డాడు. మళ్లీ అదే చిక్కు, ఉద్దేశం రుజువు కావాలి. ఈలోపు లక్షల ఎకరాల భూమి చేతిలో ఉన్న నేషనల్ ట్రస్ట్ సంస్థలో సభ్యులు ఓటేసి, తమ నేల మీద ట్రెయిల్ హంటింగ్ వద్దన్నారు. చట్టం చేయలేనిది భూస్వామి చేశాడు.

స్కాట్లాండ్ తన 2002 చట్టంలోని సందులను పూడ్చుకుంది. 2023లో కొత్త చట్టం తెచ్చి, రెండు కుక్కల పరిమితి పెట్టింది, ట్రెయిల్ హంటింగ్‌నూ నిషేధించింది. రైతు నిజంగా ఇబ్బంది పడుతుంటే లైసెన్సు తీసుకుని ఎక్కువ కుక్కలు వాడుకునే దారి మాత్రం ఉంచింది. అక్కడ కొన్ని పాత బృందాలు మూతపడ్డాయి. ఉత్తర ఐర్లాండ్‌లో 2021 డిసెంబరులో నిషేధ బిల్లు వీగిపోయింది, అక్కడ జాగిలాల వేట చట్టబద్ధమే. ఒకే రాజ్యంలో నక్కకు ఒక్కో సరిహద్దు దగ్గర ఒక్కో గతి.

2024 ఎన్నికల ప్రణాళికలో ట్రెయిల్ హంటింగ్‌ను నిషేధిస్తామని లేబర్ పార్టీ మాట ఇచ్చింది, గెలిచింది. ముసాయిదా రాసేవాళ్ల ముందు ఇప్పుడు రెండు పనులున్నాయి. నక్క వాసనతో జాగిలాలకు తర్ఫీదు ఇవ్వడం, పొదల్లో వాటిని వదిలి వెతికించడం, ఈ రెండూ నేరమా కాదా అన్నది ఒక్క వాక్యంలో రాయాలి. కొట్టాల్లో మిగిలిన జాగిలాల పోషణ ఎవరిదో, వాటిని సాకే సిబ్బందికి ఎన్ని నెలల జీతం, ఏ ఇల్లు ఇస్తారో దాని కిందే రాయాలి.